ఏఐ కట్టిన అంగడి: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో సగానికి పైగా ఒకటే గోల: ఏఐతో వెబ్‌సైటు. అందులోనూ మన నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు, ఊళ్లు మాత్రం ఉంచాను. పొడుగ్గా ఉన్న ఉత్తరాలు కత్తిరించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది ఉలవపాడు దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట ఉంది. ఏటా హైవే పక్కన పందిరి వేసుకుని అమ్ముతాం. కొంత సరుకు హైదరాబాదు, బెంగళూరు వాళ్లకు పెట్టెల్లో పంపుతాం. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఒక్క రాత్రిలో ఏఐతో వెబ్‌సైటు చేసేశాడు. చూడ్డానికి భలే ఉంది. కానీ అందులో ‘మూడు తరాలుగా, 1962 నుంచి మీ సేవలో’ అని ఉంది. మా నాన్న తోట వేసిందే నా పెళ్లయ్యాక! మా పండ్లను మెచ్చుకుంటూ ఆరుగురి మాటలు పేర్లతో సహా ఉన్నాయి, వాళ్లెవరో మాకు తెలీదు. వాణ్ని అడిగితే ‘అందరూ అట్నే పెడతారు నాన్నా, డిజైన్ కోసం’ అంటాడు. ఉంచమంటారా, తీసేయమంటారా?

జవాబు: తీసేయించండి. ఈ రాత్రికే.

అబ్బాయిని మాత్రం కోప్పడకండి. వాడు చేసిన పని మంచిదే, డిజైన్ అలాగే ఉంచుకోవచ్చు. జరిగిందేమిటంటే, ‘మామిడి పండ్ల వ్యాపారానికి వెబ్‌సైటు చెయ్యి’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుని ఉంటాడు. ఈ ఏఐలు లెక్కలేనన్ని అంగళ్ల పేజీలు చూసి నేర్చుకున్నవి. ‘మా గురించి’ అన్న చోట ఒక పాత సంవత్సరం, ‘పది వేల మంది సంతృప్త కస్టమర్లు’ అన్న లెక్క, కింద నలుగురి మెచ్చుకోళ్లు ఉండటం వాటికి అలవాటైన పద్ధతి. మీ వివరాలు మీరివ్వలేదు కాబట్టి ఆ చోట్లన్నీ తన దగ్గరున్న వాటితో నింపేసింది. తెలియనిచోట ఖాళీ వదలమని గట్టిగా చెప్తే తప్ప, అది తనంతట తాను వదలదు.

‘డిజైన్ కోసం’ అన్న మాట చట్టం ముందు నిలవదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం అమ్మేవాళ్లు కస్టమర్ వేషం కట్టి తమ సరుకు మీద తామే రివ్యూలు రాసుకోకూడదు, సరుకు గుణం గురించి లేనిది చెప్పకూడదు. రాసింది ఏఐ కదా అంటే కుదరదు, సైటు మీది. ఆ ఆరుగురి స్థానంలో నిజంగా కొన్న ఇద్దరిని అడిగి, వాళ్లు వాట్సాప్‌లో పంపిన మాటలే, వాళ్లు ఒప్పుకుంటేనే పెట్టండి. ‘పండు బాగుంది, కింది వరసలో రెండు నలిగినాయి’ అని ఉన్నా పర్లేదు. నాకైతే అలాంటిది చదివితేనే నమ్మకం కుదురుతుంది.

మీ సైటులో ఇంకో రెండు చోట్ల వెతకండి. ఒకటి ‘ఆర్గానిక్’ అన్న మాట. మీరు రాయకపోయినా అది ఉండే ఉంటుంది, మామిడి అనగానే ఏఐ చేతికి వచ్చే మొదటి మాటల్లో అదొకటి. ఆర్గానిక్ పంటకిచ్చే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ సర్టిఫికెట్ ఉంటే ఉంచండి, లేకపోతే కొట్టేయండి. దాని బదులు ‘కార్బైడ్ వాడం’ అని రాసుకోండి, నిజంగా వాడకపోతే. కార్బైడ్‌తో మాగేయడం ఎలాగూ నిషేధమే, అయినా కొనేవాళ్ల భయం అదే కాబట్టి ఆ మాట చెప్పడం మంచిది.

రెండోది చిరునామా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఉలవపాడు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది. ఆ తర్వాత కూడా మన వైపు జిల్లా గీతలు ఒక్కచోట నిలవడం లేదు. ఏఐ చదువుకున్నది పాత సంగతులు, అది ఏ జిల్లా రాస్తుందో దానికే తెలియాలి. ఊరు, మండలం, పిన్‌కోడ్, మ్యాప్ లింకు మీ చేత్తో మీరే పెట్టండి.

ఇక ఏఐకి ఏం చెప్పి మళ్లీ రాయించాలంటారా? సాయంత్రం మీరూ అబ్బాయీ తోటలో కూర్చోండి. వాణ్ని అడగమనండి, మీరు మామూలుగా మాట్లాడండి, ఫోన్‌లో రికార్డు చేయనివ్వండి. ఏ చెట్లున్నాయి, ఏది ముందు కోతకొస్తుంది, ఎలా మాగేస్తారు, పెట్టెలో ఎన్ని పడతాయి, ఏ బండికి వేస్తారు, దారిలో చెడిపోతే ఏం చేస్తారు. ఆ మాటలన్నీ అక్షరాల్లో పెట్టించి ఏఐకి ఇస్తూ, కింద ఇలా చేర్చమనండి:

‘పైన మా నాన్న చెప్పినవే వాడు. చెప్పని సంవత్సరం, లెక్క, సర్టిఫికెట్, కస్టమర్ పేరు ఏదీ కల్పించొద్దు. ఏదైనా వివరం కావాలంటే ఆ చోట “ఇక్కడ అడగాలి” అని రాసి వదిలెయ్. పొగడ్తలు వద్దు. మా నాన్న వాడిన మాటలు మార్చొద్దు.’

తేడా మీకే కనిపిస్తుంది. మొదటిసారి అది ‘ప్రకృతి ఒడిలో పండిన అమృత ఫలాలు, నాణ్యతే మా ఊపిరి’ లాంటిది రాసి ఉంటుంది. అది ఉలవపాడు మామిడికైనా, మహారాష్ట్ర రత్నగిరి మామిడికైనా, ఆఖరికి చెప్పుల అంగడికైనా కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది. రెండోసారి ఇలా వస్తుంది: ‘కాయ కోసి వరిగడ్డిలో వేస్తాం. తొడిమ దగ్గర వాసన మొదలవగానే పెట్టెలో సర్దుతాం. పూర్తిగా మాగింది పంపం, దారిలో నలుగుతుంది. మీ ఇంట్లో రెండు మూడు రోజులు ఉంచుకుంటే తినడానికి వస్తుంది.’ బెంగళూరులో కూర్చుని డబ్బులు కట్టేవాడికి కావాల్సింది ఇదే. లేకపోతే పెట్టె విప్పగానే ‘పచ్చి కాయలు పంపారు’ అని మీకు ఫోన్ చేసి అరుస్తాడు.

ఇంకొక్కటి, దీన్ని ఏ ఏఐ మీకు గుర్తు చేయదు. మీది మూడు నెలల వ్యాపారం. కాపు అయిపోయిన రోజున ‘కొనండి’ అన్న బటన్ తీసేసి, ‘ఈ ఏటికి అయిపోయింది, వచ్చే ఏడు చెప్పమంటే వాట్సాప్ చేయండి’ అని పెట్టించండి. ఆగస్టులో ఎవరో డబ్బు కట్టేసి, అది తిరిగి పంపలేక మీరు టెన్షన్ పడటం ఎందుకు? పైగా అలా వచ్చిన నంబర్లే వచ్చే ఏప్రిల్‌కి మీ మొదటి బేరాలు.

ప్రశ్న: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి రాస్తున్నాను. ఇంట్లోనే రొయ్యల పచ్చడి, కొరమీను పచ్చడి, కారప్పొడులు చేసి అమ్ముతాను. కొన్నేళ్ల కిందట ఒకతను 25 వేలు తీసుకుని వెబ్‌సైటు చేసిచ్చాడు. ఇప్పుడు సైటు తెరుచుకోవడం లేదు, అతను ఫోన్ ఎత్తడం లేదు. ఏఐతో ఒక పూటలో మళ్లీ చేసుకోవచ్చు అక్కా అని మా తోడికోడలు అంటోంది. కానీ పాత పేరే సీసాల లేబుళ్ల మీద కొట్టించి ఉన్నాను. ఆ పేరుతోనే చేసుకోవచ్చా?

జవాబు: మీ తోడికోడలు చెప్పింది నిజమేనమ్మా. పది రకాల పచ్చళ్లు, ధరలు, ఒక ఫోన్ నంబరు ఉండే పేజీని ఇప్పుడు ఏఐ ఒక పూటలో కట్టేస్తుంది. దానికి 25 వేలు అడిగే రోజులు పోయాయి. చిక్కంతా పేరు దగ్గరే. ఇల్లు మీరు కట్టుకున్నారు, స్థలం పట్టా అతని పేరు మీద ఉండి ఉంటుంది. డొమైన్, అంటే సైటు పేరు, విషయంలో ఇది మన దగ్గర ఎంతమందికి జరిగిందో లెక్క లేదు.

ముందు గూగుల్లో ‘హూయిజ్’ అని వెతికి, వచ్చిన పేజీలో మీ సైటు పేరు కొట్టండి. ఆ పేరును ఏ కంపెనీ దగ్గర కొన్నారో, ఎప్పటిదాకా గడువుందో కనిపిస్తుంది. గడువు ఇంకా ఉంటే పేరు బతికే ఉంది, ఆగిపోయింది హోస్టింగ్, అంటే సైటును నెట్‌లో ఉంచే అద్దె చోటు, మాత్రమే. అప్పుడు మీ పాత మెయిల్‌లో ఆ కంపెనీ నుంచి వచ్చిన రసీదు ఉందేమో వెతకండి. ఒకవేళ అతను మీ మెయిల్‌తోనే కొని ఉంటే ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే చాలు, పేరు మీ చేతికి వస్తుంది. అతని మెయిల్‌తో కొని ఉంటే, తిట్టకుండా, వాట్సాప్‌లో రాతపూర్వకంగా ‘డొమైన్ నా అకౌంటుకి మార్చండి, లేదా ఆథ్ కోడ్ ఇవ్వండి’ అని అడగండి. బదిలీకి ఆ కోడ్ కావాలి. కోపంతో అడిగితే ఇచ్చేవాడు కూడా ఇవ్వడు.

గడువు దాటిపోయి ఉంటే కొన్నాళ్లు పాత యజమానికే తిరిగి కట్టుకునే వీలుంటుంది. ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పటిదాకా కాచుకుని మీరే కొనొచ్చు గానీ, మధ్యలో ఇంకెవరైనా ఎగరేసుకుపోతే చేసేదేమీ లేదు. డాట్ ఇన్ పేర్లకు నిక్సీ అనే సంస్థ దగ్గర వివాదాలు తేల్చే పద్ధతి ఉంది. కానీ అది ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్లకు పనికొచ్చేది, పచ్చడి సీసాల మీద మిగిలే లాభంతో ఆ ఖర్చు తట్టుకోలేరు. నా మాట వింటే నెల రోజులు ప్రయత్నించి, కాకపోతే కొత్త పేరు కొనేయండి. పాత లేబుళ్ల మీద చిన్న స్టిక్కరు అంటిస్తే సరిపోతుంది.

ఈసారి కొనేటప్పుడు మెయిల్ మీది, ఫోన్ నంబరు మీది, డబ్బు కట్టేది మీ యూపీఐ నుంచి. ఎంత నమ్మకస్తుడైనా, మేనల్లుడైనా సరే. మొదటి ఏడు చాలా తక్కువకు ఇచ్చి రెండో ఏడు నుంచి ఎక్కువ తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే, కాబట్టి రెన్యువల్ ధర చూసి కొనండి. సైట్లు కట్టిచ్చే ఏఐ బిల్డర్లలో కూడా ఒక మెలిక ఉంది. కొన్నింటిలో కట్టిన సైటును బయటికి తీసుకుపోలేరు, నెల నెలా కట్టినంతకాలమే ఉంటుంది. డబ్బు కట్టే ముందే ‘ఫైళ్లు దించుకోవచ్చా’ అని చూసుకోండి.

తినే సరుకు కాబట్టి మరో సంగతి. తినే సరుకు అమ్మేవాళ్లు తీసుకోవాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 14 అంకెలు ఉంటుంది. ఏఐ కట్టిన పేజీ అడుగున అలాంటి నంబరు ఒకటి అందంగా కూర్చుని ఉంటే, అది మీదో దాని కల్పనో మీ కాగితం పక్కన పెట్టుకుని అంకె అంకె చూడండి. మీకింకా నంబరు లేకపోతే సైటు కంటే ముందు అది తెచ్చుకోండి. పచ్చడిలో నిమ్మ ఉప్పో, నిల్వ కోసం బెంజోయేటో వేస్తుంటే ‘ఏమీ కలపం’ అన్న వాక్యం ఉండకూడదు. వేరే రాష్ట్రాలకు పంపుతుంటే జీఎస్టీ సంగతి ఆడిటర్‌ని అడగండి, ఏఐని కాదు.

పేజీలో క్యూఆర్ పెట్టుకోవచ్చు. కానీ డబ్బు కట్టినట్టు పంపే స్క్రీన్‌షాట్ చూసి సీసా పార్శిల్ చేయకండి. బ్యాంకు యాప్‌లో జమ అయ్యిందా లేదా అన్నదే లెక్క.

ప్రశ్న: ఒంగోలులో పెళ్లి కార్డుల షాపు మాది. డీటీపీలో ఉన్న మా పాత తెలుగు మేటర్ కాపీ చేసి ఏఐ సైటులో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి. పోనీ బొమ్మలా చేయించి పెడదామంటే ఏఐ గీసిన కార్డు మీద తెలుగు అక్షరాలు ఏ భాషో తెలీడం లేదు. ఇంగ్లిష్‌లోనే పెట్టేయమంటారా?

జవాబు: మీ డీటీపీ మేటర్ ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో ఉండి ఉంటుంది, అంతే. అది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగులాగే కనిపించే పద్ధతి, కాదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ గుర్తులే, అందుకే బయటికి రాగానే టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు వరస కడతాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటిలో వేసి మార్చండి. మార్చాక ఒత్తులు, ముఖ్యంగా క్షకారం, రావత్తు ఉన్న మాటలు కళ్లతో చూసుకోండి. అందమైన అక్షరాలు కావాలంటే గూగుల్ ఫాంట్లలో రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి లాంటివి ఉచితంగా ఉన్నాయి. పలానా ఫాంటు వాడమని ఏఐకి చెప్తే పెట్టేస్తుంది.

ఏఐ గీసిన బొమ్మ మీది తెలుగును మాత్రం నమ్మకండి. కొన్ని ఇప్పుడు ఫర్వాలేదనిపిస్తున్నాయి, అయినా ఒక దీర్ఘం ఎగిరిపోయిందంటే వధువు పేరే మారిపోతుంది, మీ వ్యాపారంలో అంతకంటే పెద్ద గొడవ ఉండదు. బొమ్మ దాంతో గీయించుకుని అక్షరాలు మీరు కూర్చండి.

భాష సంగతి: రెండూ పెట్టండి. మన జనం మాట్లాడేది తెలుగే, ఫోన్‌లో వెతికేటప్పుడు మాత్రం చాలామంది ‘శుభలేఖలు ఒంగోలు’ అన్నదాన్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ఆ మాట కూడా పేజీలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

ప్రశ్న: ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే కుటుంబం మాది. మా ఫోటోలు సరిగ్గా రావడం లేదని మా చెల్లెలి కొడుకు ఏఐతో చెంచాల బొమ్మలు చేయించి సైటులో పెట్టాడు. అసలు వాటికంటే మెరిసిపోతున్నాయి. ఫర్వాలేదా?

జవాబు: మెరిసిపోవడమే ముంచేది. ఆ బొమ్మ చూసి కొన్నవాడు మీ చెంచా చేతికందగానే ‘ఇది కాదు నేను కొన్నది’ అంటాడు, అతని మాట న్యాయమే. పైగా మీ సరుకుకు విలువ తెచ్చేదే చెయ్యి. నర్ది చెక్క మీద ఉలి పడిన జాడ, కాడ చివర చెక్కిన పువ్వు, ఒక చెంచాకీ ఇంకో చెంచాకీ వెంట్రుకవాసి తేడా. ఏఐ బొమ్మలో అన్నీ ఒక అచ్చులో పోసినట్టు ఉంటాయి, అంటే ఫ్యాక్టరీ సరుకులా. ఫ్యాక్టరీ ధరే అడుగుతారు.

ఫోనే చాలు. పొద్దున తొమ్మిది లోపల, వాకిట్లో నీడపట్టున, ఉతికిన తెల్ల పంచె పరిచి దాని మీద పెట్టండి. ఎండ నేరుగా పడకూడదు, ఫ్లాష్ వద్దు. ఒక ఫోటో పై నుంచి, ఒకటి పక్క నుంచి, ఒకటి చెక్కడం కనపడేంత దగ్గరగా, ఒకటి చేత్తో పట్టుకుని. ఆ చివరిది మర్చిపోకండి, సైజు తెలిసేది దాంతోనే. వెనకున్న గోడ, చెప్పులు తీసేయడానికి ఏఐని వాడుకోండి, అది ఆ పని బాగా చేస్తుంది. చెంచా జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ఫోన్ ఫోటోలు ఒక్కొక్కటీ నాలుగైదు ఎంబీలు ఉంటాయి, వాటిని 200 కేబీలకు తగ్గించి పెట్టమని చెప్పండి, లేకపోతే పేజీ తెరుచుకునేలోపు చూసేవాడు వెళ్లిపోతాడు.

ఉదయగిరి చెక్క చెంచాలకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని చెప్పే ముద్ర, ఉంది. ఏఐ ఆ ముద్రను మీ పేజీలో ఇష్టమొచ్చినట్టు అతికించి ఉండొచ్చు. అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదై ఉంటేనే ఉంచండి. మీ వీధిలో చెక్కే ఆడవాళ్ల గురించి నాలుగు వాక్యాలు, వాళ్లు ఒప్పుకుంటే పని చేస్తున్న ఒక ఫోటో పెట్టండి. అది ఇంకే సైటులోనూ ఉండదు.

ప్రశ్న: కావలిలో చిన్న ట్యూషన్ సెంటర్. పిల్లల ఫోటోలు, మార్కుల లిస్టు, తల్లిదండ్రుల నంబర్లు అన్నీ ఏఐకి ఇచ్చి ‘మా విజేతలు’ పేజీ చేయించుకోవచ్చా?

జవాబు: నంబర్లు అసలు ఇవ్వకండి, ఆ పేజీకి వాటితో పనే లేదు. ఫోటో, మార్కులు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. పేజీ ఆకారం ఏఐతో నకిలీ పేర్లు పెట్టి చేయించుకుని, అనుమతి వచ్చిన పేర్లు తర్వాత మీరే ఎక్కించండి. ఎక్కించాక ఆ నకిలీ పేర్లలో ఒక్కటీ మిగల్లేదని చూసుకోవాలి సుమా.

ప్రశ్న: కనిగిరిలో నాది లేడీస్ టైలరింగ్ షాపు. అందరూ వెబ్‌సైటు పెట్టుకోమంటున్నారు. ఏ ఏఐ మంచిది?

జవాబు: ఏదీ వద్దమ్మా. మీ కస్టమర్లు కొలతలు ఇవ్వడానికి ఎలాగూ షాపుకు రావాలి. కనిగిరి దాటి ఎవరూ మీకు ఆన్‌లైన్‌లో జాకెట్ కుట్టమని పంపరు. దాని బదులు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి, గూగుల్లో, మ్యాప్‌లో మీ షాపు కనపడుతుంది, అది ఉచితం. షాపు నిజంగా ఉందని చూపడానికి బోర్డు, లోపల మిషను కనపడేలా వీడియో తీసి పంపమని గూగుల్ అడగొచ్చు, తీసి పంపండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ ఉంటుంది, మీరు కుట్టిన మెడ డిజైన్ల ఫోటోలు ధరలతో అందులో పెట్టండి. ఏఐతో చేయించుకోవాలంటే ఒక్క పని ఉంది: ‘జాకెట్ ఎప్పుడిస్తారు’ అన్న మెసేజికి వెంటనే పంపడానికి జవాబు రెండు మూడు రకాలుగా రాయించుకుని, నచ్చింది వాట్సాప్‌లో పెట్టుకోండి. పెళ్లిళ్ల సీజన్లో కొత్త బట్ట తీసుకోవడం ఆపేసిన రోజున ఆ జవాబు మార్చండి, ప్రొఫైల్లో షాపు వేళలు కూడా.